వరంగల్ నిట్‌లో సీటు వస్తుందా? ర్యాంకును బట్టి అవకాశాలు మనమే అంచనా వేసుకునే పద్ధతి

జేఈఈ మెయిన్ తుది ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి హనుమకొండ, కాజీపేటల్లో ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఈ ర్యాంకుకు నిట్‌లో వస్తుందా?" కాలేజీ వాళ్లు ఒక జవాబు చెబుతారు, వీధి చివర ఉండే సీనియర్ ఇంకొకటి, ఫోనులో కనిపించే వీడియో మరొకటి. మూడూ ఒకదానికొకటి పొసగవు. ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఒక్కొక్కరు పాత ర్యాంకుల పట్టికలో ఒక్కో వరుస చూసి చెబుతున్నారు, అంతే.

"వరంగల్ నిట్ కటాఫ్ ఎంత?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఒక బ్రాంచికే సొంత రాష్ట్రం, ఇతర రాష్ట్రాలు అని రెండు కోటాలు. ఒక్కో కోటాలో ఓపెన్, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు), ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ అని ఐదు వర్గాలు. ప్రతి వర్గంలోనూ దివ్యాంగుల విభాగం విడిగా. వీటన్నిటిలోనూ అందరికీ ఒకటి, అమ్మాయిలకు మాత్రమే ఒకటి. గుణిస్తే ఒక్క బ్రాంచికి నలభై వరకు ముగింపు ర్యాంకులు, అంటే చివరి సీటు దక్కినవారి ర్యాంకులు, ఉండవచ్చు. వాటిలో మీ పిల్లలకు వర్తించే ఒకటి రెండు వరుసలను పట్టుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం చిన్న లెక్కలు. పదో తరగతి గణితం చాలు.

మొదటి అడుగు: గడప దాటే అర్హతలు

ర్యాంకు ఎంత బాగున్నా వీటిలో ఒకటి తప్పితే సీటు చేజారుతుంది. కాబట్టి ముందు వీటినే చూసుకోవాలి.

నిట్‌లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. జేఈఈ రాయడానికి ఈ నిబంధన అడ్డు రాదు. అందుకే చాలామంది దీన్ని చివరిదాకా పట్టించుకోరు. ఇంటర్ పరీక్షలను జేఈఈకి అడ్డుపడే పనిగా చూసే కాలేజీలో మీ అబ్బాయి చదువుతుంటే, ఈ సంగతి ఒకసారి గట్టిగా గుర్తుచేయండి.

రెండోది ధ్రువీకరణ పత్రం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని తెలిపే) పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయి ఉండాలి. మన ఎంసెట్ కోసం మీసేవలో తీసుకున్న బీసీ పత్రం అక్కడ పనికిరాదు. ఈడబ్ల్యూఎస్ పత్రం కూడా ప్రస్తుత ఆర్థిక సంవత్సరానిదే కావాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా అచ్చంగా ఒకటి కావు. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులమైతే, ఐఐటీలు, నిట్‌ల సీట్లను కలిపి కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఆ విద్యార్థికి ఓబీసీ వరుస వర్తించదు. ఇది జూన్‌లో తహసీల్దార్ కార్యాలయం ముందు నిలబడి తెలుసుకోవలసిన విషయం కాదు. జేఈఈ దరఖాస్తు నింపే నాడే కేంద్ర జాబితా తెరిచి చూసుకోవాలి.

రెండో అడుగు: మీ వరుస ఏది?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కాబట్టి కాస్త తీరికగా చూద్దాం.

వరంగల్ నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, సగం ఇతర రాష్ట్రాల వారికి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల కాలం నుంచీ ఈ సగం సగం పద్ధతి ఉంది. 2002లో నిట్‌గా మారినా మన పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆర్‌ఈసీ అనే పిలుస్తారు. సొంత రాష్ట్రం ఏదన్నది పుట్టిన ఊరును బట్టి గానీ, ఆధార్ కార్డును బట్టి గానీ తేలదు. ఇంటర్ ఏ రాష్ట్రంలో పూర్తి చేశారన్నదే ప్రమాణం. మంచిర్యాల అబ్బాయి విజయవాడలో ఇంటర్ చదివితే జేఈఈ లెక్కలో అతను ఆంధ్రప్రదేశ్ విద్యార్థి. అతని సొంత రాష్ట్రపు నిట్ తాడేపల్లిగూడెంలో ఉంటుంది. వరంగల్‌లో ఇతర రాష్ట్రాల వరుసలో నిలబడాలి. రాజస్థాన్‌లోని కోటా పట్టణంలో చదివితే ఆ రాష్ట్రం వర్తిస్తుంది. పదో తరగతి అయ్యాక పిల్లలను ఎక్కడ చేర్చాలని ఆలోచించే తల్లిదండ్రులు ఫీజు, హాస్టల్ వివరాలు అడుగుతారు గానీ ఈ ఒక్క విషయం అడగరు.

తెలంగాణలో ఇంటర్ చదివినవారికి వరంగల్‌లో సొంత రాష్ట్రపు వరుస మాత్రమే వర్తిస్తుంది. తిరుచ్చి, సూరత్‌కల్ వంటి చోట్ల ఉన్న నిట్‌లలో ఇతర రాష్ట్రాల వరుస మాత్రమే. సొంత రాష్ట్రం కదా, తేలిగ్గా వస్తుందని అనుకోవద్దు. జేఈఈకి పట్టుగా చదివేవారు తెలంగాణలో చాలా ఎక్కువ, వాళ్లలో అత్యధికులకు మొదటి కోరిక ఇదే సంస్థ. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ బ్రాంచిలో ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

ఇక వర్గం. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ వరుసల్లో కనిపించే ముగింపు ర్యాంకులు ఆయా వర్గాల ర్యాంకులు. జాతీయ స్థాయి ఉమ్మడి ర్యాంకు వేరు. ఉమ్మడి ర్యాంకు 16,000 వచ్చిన అమ్మాయి ఓబీసీ వరుసలో 5,000 అన్న అంకె చూసి, ఇక దారి లేదని కన్నీళ్లు పెట్టుకోవలసిన పని లేదు. తన ఓబీసీ ర్యాంకు స్కోరు కార్డులో విడిగా ఉంటుంది, దాన్ని పోల్చుకోవాలి. వర్గం ర్యాంకు ఇంకా తెలియని రోజుల్లో అంచనా కావాలంటే, అదే వర్గానికి చెందిన ఇద్దరు ముగ్గురు సీనియర్ల స్కోరు కార్డులు అడిగి తీసుకోండి. వాటిలో ఉమ్మడి ర్యాంకుకూ వర్గం ర్యాంకుకూ ఉన్న నిష్పత్తి మీకు దగ్గరి లెక్క ఇస్తుంది. రిజర్వేషన్ ఉన్న విద్యార్థి ఓపెన్ సీటుకు కూడా పోటీలో ఉంటారు కాబట్టి వాళ్లు రెండు వరుసలూ చూడాలి.

అమ్మాయిలైతే "అందరికీ", "అమ్మాయిలకు మాత్రమే" అన్న రెండు వరుసలూ వర్తిస్తాయి. అబ్బాయిలకు మొదటిదే. 2018 నుంచి నిట్‌లలో అమ్మాయిలకు అదనపు సీట్లు కల్పిస్తున్నారు. అవి అదనం కాబట్టి అబ్బాయిల సీట్లు తగ్గలేదు, తగ్గాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తే పట్టించుకోకండి. అయితే ఆ వరుసలో ముగింపు ర్యాంకు సాధారణంగా కొంత వెనక ఉంటుంది. అది చూసి తమకూ అక్కడిదాకా వస్తుందని అనుకునే అబ్బాయిలను ఏటా చూస్తుంటాం.

వరుస తేలాక అందులో ఎన్ని సీట్లున్నాయో లెక్కవేయండి. ఒక బ్రాంచిలో 100 సీట్లు ఉన్నాయనుకుందాం. సొంత రాష్ట్రానికి 50. అందులో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఈడబ్ల్యూఎస్‌కు 10 తీసేస్తే ఓపెన్‌కు మిగిలేది 40.5 శాతం, అంటే ఇరవై సీట్లు. ఎస్టీ వరుసలో నాలుగు దాటవు. నాలుగు సీట్ల వరుసలో ఒక్క విద్యార్థి ఐఐటీకి వెళ్లినా, ఒక్కరు మనసు మార్చుకున్నా ముగింపు ర్యాంకు ఎగిరి ఎక్కడో పడుతుంది. భూపాలపల్లి, ములుగు, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే ఎస్టీ విద్యార్థులు నిరుటి ఒక్క అంకెను చూసి ఆశ వదులుకోకూడదని అందుకే అంటాను. అదే కారణంగా ఆ అంకె మీద పూర్తి భరోసా కూడా పెట్టుకోకూడదు.

మూడో అడుగు: పర్సంటైల్‌ను ర్యాంకుగా మార్చడం

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. 99 పర్సంటైల్ అంటే పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 99 మంది మీతో సమానంగానో, మీకు వెనకనో ఉన్నారని అర్థం. ర్యాంకు కావాలంటే వందలోంచి పర్సంటైల్ తీసేసి, వచ్చినదాన్ని వందతో భాగించి, పరీక్ష రాసినవారి సంఖ్యతో గుణించాలి. 2024లోనూ 2025లోనూ జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే. 14.5 లక్షలు అనుకుంటే 99 పర్సంటైల్‌కు దాదాపు 14,500 ర్యాంకు. 98కి 29,000. 97కి 43,500. 95కి 72,500. పైమెట్ల మీద అర పాయింటు విలువ ఎంతో చూడండి: 99.5 అంటే 7,250.

జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. జనవరి ఫలితాలతో ఈ లెక్క వేస్తే ఒక మెలిక ఉంది. తుది జాబితాలో ప్రతి విద్యార్థికీ జనవరి, ఏప్రిల్ స్కోర్లలో మెరుగైనదే తీసుకుంటారు. ఏప్రిల్‌లో చాలామంది పైకి వస్తారు. కాబట్టి జనవరి పర్సంటైల్ మీద ఆగిపోయినవారి అసలు ర్యాంకు ఈ లెక్క కంటే కొంత వెనక్కి జరగవచ్చు. మరోవైపు జనవరి స్కోరు ఎక్కడికీ పోదు, ఏప్రిల్‌లో తక్కువ వచ్చినా నష్టం లేదు. ఆ మాట పిల్లలకు చెబితే రెండోసారి కాస్త తేలిక మనసుతో రాస్తారు.

అన్ని పోలికలూ ర్యాంకుల్లోనే చేయండి. పర్సంటైళ్లలో వద్దు. రాసేవారి సంఖ్య పెరిగితే అదే పర్సంటైల్‌కు ర్యాంకు వెనక్కి పోతుంది. సీట్లు మాత్రం రాసేవారి సంఖ్యతో పాటు పెరగవు. "మా అక్కకు 98కే వచ్చింది" అన్న మాట ఆ ఏడాది ఎంతమంది రాశారో తెలియకుండా ఏమీ చెప్పదు. అక్క ర్యాంకు ఎంతో అడగండి.

ఫలితాలకు ముందే అంచనా కావాలంటే

కాలేజీ వారాంతపు పరీక్షల్లో వచ్చే ర్యాంకు ఆ కాలేజీ ర్యాంకు. అన్ని శాఖలూ కలిపి ఇచ్చినా దేశం మొత్తానికి అది నమూనా కాదు. దానికి బదులు పరీక్ష నిర్వహించే సంస్థ విడుదల చేసిన పాత జేఈఈ ప్రశ్నపత్రాలు ఐదు తీసుకుని, మూడు గంటల సమయం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయించండి. 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఐదింటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్నీ, తక్కువ వచ్చినదాన్నీ పక్కన పెట్టండి. మధ్యలో ఉన్న మూడింటి సగటే మీ వాడి అసలు స్థాయి. తల్లిదండ్రులు పట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఆ అత్యధిక మార్కునే.

ఆ మార్కులకు ఏ పర్సంటైల్ వస్తుందన్నది ప్రశ్నపత్రం ఎంత కష్టంగా ఉందన్నదాన్ని బట్టి షిఫ్టు షిఫ్టుకూ మారుతుంది. మీరు రాయించిన పత్రం ఏ ఏడాది, ఏ షిఫ్టుదో చూసి, అదే షిఫ్టు రాసిన సీనియర్లకు అన్ని మార్కులకు ఎంత పర్సంటైల్ వచ్చిందో అడిగితే సరిపోతుంది.

నాలుగో అడుగు: మూడేళ్ల ముగింపు ర్యాంకులతో తూకం

జోసా వెబ్‌సైట్‌లో ఏడాది, రౌండు, సంస్థ, బ్రాంచి ఎంచుకుంటే ఆరంభ, ముగింపు ర్యాంకులు కనిపిస్తాయి. ఆరంభ ర్యాంకుతో మనకు పని లేదు. మూడేళ్ల చివరి రౌండు ముగింపు ర్యాంకులను మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. రౌండ్లు ఐదో ఆరో, ఏటా ఒకే సంఖ్యలో ఉండవు. అందుకే ఫలానా నంబరు రౌండు అని కాకుండా ఆ ఏడాది చివరి రౌండు చూడాలి. మొదటి రౌండులో ర్యాంకులు బిగువుగా ఉంటాయి. మంచి ర్యాంకర్లు ఐఐటీల వైపు జరిగేకొద్దీ నిట్ సీట్లు కిందికి దిగుతాయి.

ఉదాహరణకు ఊహా సంఖ్యలే తీసుకుందాం. మీ వరుసలో మూడేళ్ల ముగింపు ర్యాంకులు 17,800, 20,600, 19,100 అనుకోండి. నేను వాడే కొలత ఇది. మూడింటిలో అతి బిగువైన 17,800లో 80 శాతం, అంటే సుమారు 14,200 లోపు ర్యాంకు ఉంటే ఆ సీటును ధీమాగా లెక్కలో వేసుకోవచ్చు. 17,800కూ 20,600కూ మధ్య ఉంటే అది పోటీ, అటో ఇటో తేలేది చివరి రౌండులోనే. 14,200కూ 17,800కూ మధ్య ఉంటే అవకాశం బాగా ఉన్నట్టే గానీ వెనక ఒక ఆసరా పెట్టుకోవాలి. 20,600 దాటి మరో 15 శాతం వరకు, అంటే 23,700 దాకా ఆశ మిగిలి ఉంటుంది. ఆప్షన్ పెట్టండి, దాన్ని నమ్ముకుని మిగతావి వదలకండి. 30,000 ర్యాంకుతో ఈ బ్రాంచి గురించి ఇంట్లో చర్చ పెట్టుకోవడం వల్ల అందరికీ నిద్ర చెడడం తప్ప ప్రయోజనం లేదు.

మూడు అంకెలూ ఒకే దిశలో కదులుతుంటే, చివరి ఏడాదికి ఎక్కువ విలువ ఇవ్వండి. సీట్లు మారినా, కొత్త బ్రాంచి వచ్చినా పాత అంకెలు కొంత చెల్లవు. ఒకటి రెండేళ్ల చరిత్రే ఉన్న కొత్త బ్రాంచికి, దానికి దగ్గరి పాత బ్రాంచి అంకెలు చూసి రెండింటి మధ్య దూరాన్ని అంచనా వేయాలి.

స్థూలంగా చెప్పాలంటే వరంగల్‌లో కంప్యూటర్ సైన్స్ ఓపెన్ వరుస కొద్ది వేల ర్యాంకులోనే ముగుస్తుంది. ఎలక్ట్రానిక్స్ దాని వెనక, ఆ తర్వాత ఎలక్ట్రికల్, మెకానికల్. సివిల్, మెటలర్జీ, బయోటెక్నాలజీకి వచ్చేసరికి పదుల వేలలోకి వెళుతుంది. కాబట్టి "నిట్ వస్తుందా" అన్న ప్రశ్న వెనక "ఏ బ్రాంచి అయినా సరేనా" అన్న ప్రశ్న దాగి ఉంటుంది. ఇంట్లో ముందు అది తేల్చండి. నా మటుకు, లోహాల మీద ఏ మాత్రం ఆసక్తి లేని పిల్లవాడిని కాజీపేట గేటు మీది పేరు కోసం మెటలర్జీలో కూర్చోబెట్టడం కంటే, మంచి రాష్ట్ర కళాశాలలో ఇష్టమైన బ్రాంచి మేలు. ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలం ఉంది.

ఐదో అడుగు: ఎంసెట్ లెక్క విడిగా

రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌కు ఇప్పుడు పేరు టీజీ ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పులకు కోత లేదు. గణితం ఒక్కటే 80 మార్కులు కాబట్టి గణితంలో చేయి తిరిగిన వారికి జేఈఈ కంటే ఇక్కడ ర్యాంకు బాగా వస్తుంది. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు.

పద్ధతి అదే, వరుసలే వేరు. ప్రవేశాల అధికారిక వెబ్‌సైట్‌లో కళాశాల, బ్రాంచి వారీగా చివరి ర్యాంకుల పట్టిక ఉంటుంది. అందులో ఓసీ, బీసీ ఏ నుంచి ఈ దాకా, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్, ఒక్కోదానికి అబ్బాయిలు, అమ్మాయిలు అని గడులు. జోసాతో ఒక తేడా ఉంది: ఇక్కడ అన్ని గడుల్లోనూ ఉండేది ఉమ్మడి ఎంసెట్ ర్యాంకే. రిజర్వేషన్లు కూడా వేరు, బీసీలకు 29 శాతం, ఎస్టీలకు 10 శాతం. ఎస్సీ కోటాను 2025లో మూడు గ్రూపులుగా విభజించారు కాబట్టి అంతకు ముందరి ఎస్సీ గడి అంకెలను నేరుగా పోల్చకండి. స్థానికత లెక్క కూడా జేఈఈలా ఉండదు. సాధారణంగా ఇంటర్‌తో కలిపి వరుసగా చివరి నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. విజయవాడలో ఇంటర్ చదివిన పిల్లల తల్లిదండ్రులు ఈ నిబంధనను ముందే చదువుకోవాలి.

మన వైపు చూస్తే హనుమకొండ కిట్స్, కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల, జగిత్యాల దగ్గర నాచుపల్లి, మంథని, సిరిసిల్లల్లోని జేఎన్టీయూ కళాశాలలు ఒక జాబితా. హైదరాబాద్ వెళ్లగలిగితే ఉస్మానియా, కూకట్‌పల్లి జేఎన్టీయూ, సీబీఐటీ, వాసవి మరో జాబితా. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఒక బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేశాక కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సుల సీట్లు మారుతూ వస్తున్నాయి. ఒక కాలేజీలో నిరుడు 180 ఉన్న సీట్లు ఈసారి 300 అయితే చివరి ర్యాంకు వెనక్కి జరుగుతుంది. ఆప్షన్లు పెట్టే ముందు ఈ ఏడాది సీట్ల పట్టికను నిరుటి దాని పక్కన పెట్టి చూడండి.

ఆరో అడుగు: ఆప్షన్ల వరుస

కష్టమైన సీటును మొదట పెడితే తేలికైనది పోతుందన్న భయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. కంప్యూటర్ ముందుగా ర్యాంకు చూస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి కిందికి చదివి, ఖాళీ ఉన్న మొదటి దాన్ని ఇస్తుంది. రానిది పైన రాసినందుకు శిక్ష లేదు. కాబట్టి ఇష్టం ఉన్న వరుసలోనే రాయండి. తప్పు జరిగేది కింది భాగంలో. పోటీ సీట్లు ఇరవై రాసి, ధీమా సీట్లు రెండే రాసి ఊరుకుంటారు. ధీమా సీట్లు కనీసం పది ఉండాలని నా సలహా. ఇష్టం లేని సీటును మాత్రం జాబితాలో అసలు పెట్టకండి, వస్తే అదే వస్తుంది.

జోసాలో సీటు వచ్చాక ఫ్రీజ్ చేస్తే అక్కడితో ఆగుతుంది. ఫ్లోట్ అంటే పైన రాసిన ఏ సంస్థకైనా మారడానికి సిద్ధం. స్లైడ్ అంటే అదే సంస్థలో మెరుగైన బ్రాంచికి. పోటీ జాబితాలో ఉన్నవారు ఫ్లోట్‌లో ఉండడమే మంచిది.

ఈ రోజుల్లోనే దళారుల ఫోన్లు మొదలవుతాయి. వరంగల్ నిట్‌లో యాజమాన్య కోటా లేదు, డొనేషన్ సీటు లేదు. "లోపల మనిషి ఉన్నాడు" అని చెప్పే ఎవరికైనా ఒక్క రూపాయి ఇచ్చినా అది పోయినట్టే. ప్రైవేటు కళాశాలల్లో మాత్రం 70 శాతం కన్వీనర్ కోటా (ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేవి), 30 శాతం యాజమాన్య కోటా ఉంటాయి.

చివరి రౌండు తర్వాత

జోసా ముగిశాక నిట్‌లలో మిగిలిన సీట్లకు సీశాబ్ ప్రత్యేక రౌండ్లు జరుగుతాయి. వాటికి మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి, రుసుము కట్టాలి. ఇక్కడ ర్యాంకులు ఇంకొంత కిందికి దిగుతాయి గానీ ఏ బ్రాంచి మిగులుతుందో ముందే చెప్పలేం. జోసాలో వచ్చిన సీటు చేతిలో ఉంచుకుని ఇందులో పాల్గొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. కాబట్టి ఉన్నదానికంటే నిజంగా మెరుగైన సీట్లనే అక్కడ ఆప్షన్లుగా ఇవ్వాలి. ఎంసెట్‌లో చివరి విడత తర్వాత కాలేజీలే నిర్వహించే స్పాట్ ప్రవేశాలు ఉంటాయి. స్పాట్‌లో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, నాలుగేళ్ల ఫీజు మొత్తం ఇంటి మీదే పడుతుంది. ఆ పథకం మీద ఆధారపడిన కుటుంబాలు స్పాట్ దాకా ఆగకుండా, కన్వీనర్ కోటా చివరి విడతలో వచ్చిన సీటు తీసుకోవడమే క్షేమం.